తూలు నడక

మద్యము సేవించినవాడు తూలును. చెవినరముపై కంతి పెరిగినవాడును తూలును. జీతపు దినమున సాయంకాలము జంషెడ్‌పూరులోని బిష్టుపూర్ అంగడి వీథిని తూలుచు పోవు కార్మికుని చూచి జనులు తీర్పు చెప్పుటకు క్షణము చాలును.

ఆ కంతి క్యాన్సరు కాదు. ఎనిమిదవ కపాలనాడిని కప్పు పొరలో పుట్టి, సాధారణముగా ఏండ్ల తరబడి మెల్లగా పెరుగును. వినికిడి తగ్గును, చెవిలో హోరు పుట్టును, అడుగు తడబడును. లోచెవి, కన్ను, కాళ్ళలోని స్పర్శ, ఈ మూడును కలిసి మనిషిని నిలుపుచున్నవి. ఒకటి తప్పినచో తక్కినవి ఆ భారము మోయును. కనుకనే 1958లో తెరచిన జూబిలీ పార్కు బాటపై పగలు చక్కగా నడచినవాడే రాత్రి చీకటి సందులో గోడను తడవుకొనును.

చేతికఱ్ఱకు రోగి వెనుకాడినచో అహంకారమందురు. అది న్యాయము కాదు. కఱ్ఱ పట్టినచో వ్యాధి వీథికెల్ల తెలియును. పట్టకున్నచో త్రాగుబోతను పేరు వచ్చును. ఈ సంకటము కంతి తెచ్చినది కాదు, చూచువారు తెచ్చినది. పైగా శస్త్రచికిత్స పిదప మెదడు సమతను మరల నేర్చుకొనుటకు నడకయే ముఖ్యమైన మందు. నిందకు వెఱచి గదిలో కూర్చున్నవానికి ఆ మందు అందదు.