మనం క్లారెన్స్ వీధి వాళ్లం

డెట్రాయిట్‌కు ఉత్తరపు హద్దు ఎయిట్ మైల్ రోడ్డు. నల్లవాళ్ల నగరాన్నీ తెల్లవాళ్ల శివార్లనూ విడదీసే గీతగా దానికి పేరు పడింది. మన తెలుగువాళ్లుండే ట్రాయ్, నోవై, ఫార్మింగ్టన్ హిల్స్ అన్నీ ఆ గీతకు పైనే. 2002లో కర్టిస్ హాన్సన్ తీసిన సినిమాకు ఆ రోడ్డు పేరే పెట్టారు. బూతులకు కొదవ లేదు, చిన్నపిల్లలతో చూసేది కాదు. హైస్కూలు పిల్లలున్నవాళ్లు మాత్రం ముందు తాము చూడాలి.

కథ 1995 నాటిది. ఎమినెమ్ వేసిన రాబిట్, కార్లకు రేకు భాగాలు అచ్చుగుద్దే ఫ్యాక్టరీలో పనివాడు. తల్లితో, చిన్నారి చెల్లెలితో ట్రైలర్ ఇంట్లో ఉంటాడు. మొదట్లోనే ర్యాప్ పోటీకి వేదికెక్కి, నోరు పెగలక దిగిపోతాడు. ఎదుటివాడి పరువు తీయడమే ఆ పోటీ. మన అవధానంలో అప్రస్తుత ప్రసంగి ఏకాగ్రత చెడగొట్టి ఊరుకుంటాడు. ఇక్కడ ఇంటి గుట్టంతా వీధిలో పెడతారు.

చివరి పోటీలో రాబిట్ ఆ పని తానే చేసుకుంటాడు. తాను తెల్లవాడినని, అమ్మతో ట్రైలర్లో ఉంటున్నానని, అవతలి ముఠా చేతిలో తన్నులు తిన్నానని అందరిముందూ ఒప్పేసుకుంటాడు. ఆ తర్వాత, రౌడీలా తిరిగే ప్రత్యర్థి పాపా డాక్ అసలు పేరు క్లారెన్స్ అనీ, చదివింది క్రాన్‌బ్రూక్ ప్రైవేటు బడిలో అనీ బయటపెడతాడు. మైకు చేతికొచ్చినా క్లారెన్స్‌కు అనడానికి ఏమీ మిగల్లేదు.

క్రాన్‌బ్రూక్ ఉన్నది బ్లూమ్‌ఫీల్డ్ హిల్స్‌లో, ట్రాయ్‌కు దగ్గర్లోనే. రాబిట్‌కు చప్పట్లు కొడతాం గానీ, మనం క్లారెన్స్ వీధి వాళ్లం. మంచి బడి చూసుకునే ఇల్లు కొన్నాం. అందులో తప్పేం లేదు. క్లారెన్స్‌ను ఓడించింది ఆ చదువు కాదు, దాన్ని దాచుకోవడం.

మనమూ దాస్తాం, వేరేవి. ఇంటి గుట్టు లంకకు చేటు అని వింటూ పెరిగాం. ఊళ్లో ఎంత దాచినా మేనమామకో పక్కింటి పిన్నిగారికో తెలిసిపోయేది, ఎవరో ఒకరు ఆదుకునేవారు. ఇక్కడ గుట్టు నిజంగానే గుట్టుగా ఉండిపోతుంది. 2009లో జనరల్ మోటార్స్, క్రైస్లర్ దివాలా తీసినప్పుడు కార్ల పరిశ్రమను నమ్ముకున్న మన కుటుంబాలు ఎన్ని లోలోపల నలిగాయో! ఇప్పుడు హెచ్1బి మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే, వేరేది వెతుక్కోవడానికి గడువు గరిష్ఠంగా 60 రోజులు. అందులో సగం రోజులు ఎవరికీ తెలియనివ్వకుండా తిరగడానికే సరిపోతాయి. పొద్దున్నే ల్యాప్‌టాప్ సంచీతో బయల్దేరి లైబ్రరీలో కూర్చుంటారు. శనివారం ఉగాది వేడుకకు పట్టుబట్టలు కట్టుకుని వచ్చి, ‘ఆఫీసులో అంతా బాగుందండీ’ అంటారు. ఏ కంపెనీలో ఖాళీ ఉందో తెలిసిన మనిషి అదే బంతిలో, పక్క కుర్చీలోనే పులిహోర తింటూ ఉంటాడు.