తడి ఎక్కడిది?

పాలమూరులో కారులోకి నీళ్లొస్తున్నాయంటే ముందు నవ్వుతారు. పాత మహబూబ్‌నగర్ జిల్లాకు ఏడాది మొత్తం మీద పడే సగటు వాన 600 మిల్లీమీటర్ల చిల్లర. పక్కనున్న నల్లగొండకు 750 దాకా. బోరు వేస్తే దుమ్ము లేచే నేల మీద బండి తడిసిందని బాధపడేవాణ్ని చూస్తే ఎవరికైనా నవ్వే వస్తుంది. కానీ పాత బండ్లను ఇక్కడ పాడుచేసేది కరువే. రోళ్లు పగిలే రోహిణి కార్తె ఎండకు అద్దం చుట్టూ ఉన్న బీడింగు రబ్బరు బిగుసుకుపోయి మూలల్లో చిట్లుతుంది. ఎర్రచెలకల దుమ్ము తలుపుల అడుగున పేరుకుపోతుంది. వానలేని నెలల్లో ఇవేవీ లోపాలుగా కనబడవు. మృగశిరలో తొలి జల్లు పడ్డాకే బయటపడతాయి.

నాది మారుతి 800, నల్లగొండ రిజిస్ట్రేషన్, ఏపీ 24 ప్లేటుది. ఆ మోడల్ తొలి బండి 1983 డిసెంబరులో రోడ్డెక్కింది, 2014 జనవరిలో తయారీ ఆపేశారు. కాబట్టి ఇప్పుడు తిరుగుతున్న ఏ 800 అయినా ముసలిదే. నేను దాన్ని ఇంటిముందు వేపచెట్టు కింద నిలుపుతాను. వాన పడ్డ మర్నాడు ఎడమ సీటు ముందు, కాళ్లు పెట్టుకునే చోట మ్యాటు చిత్తడిగా ఉండేది. చూసినవాళ్లంతా తలుపు రబ్బరు పోయిందని తేల్చేశారు. తడి ఉన్నచోటే చిల్లు ఉంటుందని నమ్మడం మన స్వభావం.

17వ శతాబ్దంలో తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు తెలుగువాడే. కొండ మీద పొగ చూసి నిప్పు ఉందని ఊహించడం తర్కంలో తొలిపాఠం. దాన్ని తిరగేసి, నిప్పు ఉంది కనుక పొగ ఉంటుందంటే మాత్రం తార్కికులు ఒప్పుకోరు. ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పు ఉంది, పొగ లేదు. పొగ రావాలంటే కట్టె పచ్చిదై ఉండాలి. మాటలో చెప్పకుండా వెనక నక్కిన ఆ పచ్చికట్టెనే వాళ్లు ఉపాధి అన్నారు. అంత శాస్త్రమూ వచ్చి కట్టెలోని తడి దగ్గర ఆగడం నాకెప్పుడూ ముచ్చటగా ఉంటుంది. మ్యాటు తడిసింది కనుక దాని పక్కనున్న రబ్బరు పోయిందనేవాడు కూడా ఇలాంటి ఉపాధినే దాటేస్తున్నాడు.

అసలు ఆ తడి వానదే అని ఎందుకనుకోవాలి? ఏసీ నడుస్తున్నప్పుడు గాలిలోని ఆవిరి కూలింగ్ కాయిల్ మీద నీరై, సన్నటి పైపు గుండా రోడ్డు మీదికి కారిపోవాలి. ఆ పైపులో చెత్త అడ్డుపడితే నీరు వెనక్కి మళ్లి కాళ్ల దగ్గర దిగుతుంది. మబ్బుతునక లేని రోజున కారులో మడుగు కట్టడం అలా జరుగుతుంది. ఆ నీరు తేటగా, వాసన లేకుండా ఉంటుంది. వేలికి జిగటగా తగిలి తియ్యటి వాసన వస్తే అది కూలెంట్, హీటరు ఉన్న బండ్లలో వచ్చే వేరే రోగం. నాది ఆ రెండూ కాదు. వాన పడితేనే తడిసేది, అదీ కాస్త ఆలస్యంగా.

మిర్యాలగూడ రోడ్డులో ఒక షెడ్డుకు తీసుకెళ్లాను. మేస్త్రి సీటు విప్పించి, మ్యాట్లు తీయించి, నన్ను టార్చి పట్టుకుని లోపల కూర్చోమన్నాడు. కుర్రాడు పైపుతో పైకప్పు మీద పోయబోతే ఆపాడు. "కిందికెల్లి మొదలువెట్టాలె సార్. మీదికెల్లి పోస్తే అన్నీ తడుస్తయ్, దొంగ దొరకడు." అన్నంభట్టు మెచ్చుకునే మాట. తలుపు అడుగున పోశారు, ఏమీ లేదు. తలుపు అంచున, అద్దం బీడింగు మీద కూడా పోశారు, లేదు. వైపర్ల కింది గ్రిల్ మీద పోసిన కాసేపటికి డ్యాష్‌బోర్డు వెనక వైర్ల కట్ట మెరిసింది. నీరు దాని వెంట పాకి, వంపు తిరిగినచోట ఒక బొట్టుగా లావై, ఊగి, ఫెల్ట్ మీద పడింది. ఆ వెనకే ఇంకోటి.

గ్రిల్ విప్పితే అడుగున చిన్న తొట్టి. అందులో పడ్డ వాన పక్కనున్న రంధ్రంలోంచి చక్రం వైపు పోవాలి. మేస్త్రి ఆ రంధ్రంలో సైకిల్ చువ్వ పెట్టి తిప్పితే వేపాకు ఈనెలు, ఎర్రమట్టి కలిసి గట్టిపడ్డ నల్లటి ముద్ద ఊడివచ్చింది. నిలిచిన నీరంతా బుడబుడమంటూ దిగిపోయింది. పోయే దారి లేక నీరు తొట్టి నిండి, వైర్లు లోపలికొచ్చే చిల్లు దాకా ఎక్కిందన్నమాట. అందరూ నింద మోపిన తలుపు రబ్బరు నిక్షేపంగా ఉంది.

కారు తయారుచేసినవాళ్లు నీటిని పూర్తిగా ఆపాలనుకోలేదని నాకు అక్కడే అర్థమైంది. కిటికీ అద్దం పక్కనుంచి వాన తలుపులోకి దిగుతూనే ఉంటుంది. డోర్ ప్యాడ్ వెనకున్న ప్లాస్టిక్ కాగితం దాన్ని సీటు వైపు రానివ్వదు, తలుపు అడుగున ఉన్న రంధ్రాలు బయటికి పంపిస్తాయి. స్పీకర్లు బిగించేవాళ్లు ఆ కాగితాన్ని చింపుతారు, టింకరింగ్‌వాళ్లు ఆ రంధ్రాలను పుట్టీతో పూడ్చి నున్నగా రంగేస్తారు. నల్లగొండను ఆనుకున్న పానగల్లులో కందూరు చోడుల నాటి ఉదయసముద్రం ఉంది. అలాంటి చెరువుకు కట్ట ఎంత ముఖ్యమో అలుగు అంతే ముఖ్యం. బుంగ పడుతుందని జడిసి అలుగు మూసే నీరటిని ఊరు క్షమించదు. సిలికాన్ ట్యూబు పట్టుకుని కనబడ్డ సందునల్లా మూసే మనలను మాత్రం జాగ్రత్తపరులంటారు.

మిగిలింది ఆరబెట్టడం. దీన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. పైన కార్పెట్ పొడిగా తగులుతుంటే ఆరిపోయిందనుకుంటారు. కింది ఫెల్ట్‌ను పిండితే నీళ్లు కారుతాయి, దానికి ఆనుకున్న రేకుకు లోపలినుంచే జంగు పడుతుంది. ఫెల్ట్ మొత్తం ఊడదీసి ఎండలో పరచాల్సిందే. రబ్బరును చిట్లించే మన ఎండ ఇక్కడ అక్కరకొస్తుంది.

డిక్కీలో స్టెప్నీ పెట్టే గుంటలోనూ నీళ్లు నిలిచేవి, ఆ సంగతి మాత్రం తేలలేదు. ఎంత వెతికినా నీరొచ్చే సందు దొరకలేదు. గుంట అడుగున ఒక రబ్బరు బిరడా ఉంటే మేస్త్రి పీకి నా చేతిలో పెట్టాడు. తీసి ఉంచితే నీరు నిలవదు, ఎండకాలం దుమ్ము మాత్రం లోపలికొస్తుంది. రెండింట్లో ఏది నయమని అడిగాను. "వానకాలం తీయున్రి, ఎండకాలం పెట్టుకోన్రి" అని పక్క బండి దగ్గరికి వెళ్లిపోయాడు.