ఆయుధమిచ్చినవాని బాధ్యత యెంత?

ఒకడు కత్తి నూరి యిచ్చును. వేరొకడు ఆ కత్తితో పొరుగువానిని పొడుచును. పాపము పొడిచినవానిదా, ఇచ్చినవానిదా? ఈ ప్రశ్న ఊరి రచ్చబండపై పుట్టినచో పెద్దలు కొంతసేపు వాదించి ఏదో ఒక తీర్పు చెప్పగలరు. ఇచ్చినవాడొక రాజ్యమై, పొడిచినవాడు మఱియొక రాజ్యమై, చచ్చినవారి పేర్లు ఎవ్వరికిని తెలియనప్పుడు తీర్పు చెప్పుట అంత సులభము గాదు. దూరదేశములలో యుద్ధము జరిగినదని పత్రికలో చదివినంతనే మనలో అనేకులు "అంతయు అగ్రరాజ్యముల కుట్ర" యని ఒక్కమాటతో తేల్చివేయుదురు. ఆ మాటలో నిజము లేకపోలేదు. కాని అది సగము నిజము. సగము నిజముపై తీర్పు నిలువదు.

ఆఫ్రికా ఖండపు తూర్పు కొమ్మున 1977–78లో జరిగిన ఒగాడెన్ యుద్ధమును ఇందుకు ఉదాహరణగా గ్రహించుచున్నాను. ఎఱ్ఱసముద్రపు ముఖద్వారమునకు దాపున, ఖడ్గమృగపు కొమ్మువలె సముద్రములోనికి పొడుచుకొని వచ్చిన భూభాగమది. సూయజ్ కాలువ గుండా హిందూ మహాసముద్రమునకు వచ్చు ఓడలు ఆ తీరము ప్రక్కగనే రావలెను. అదియే దాని దౌర్భాగ్యము. లేనిచో ఆ మేకల, ఒంటెల మేతభూముల వంక దూరదేశములవారు కన్నెత్తియైనను చూడరు.

సోమాలీ భాష మాటలాడు ప్రజలను పందొమ్మిదవ శతాబ్దపు చివరి దినములలో బ్రిటన్, ఇటలీ, ఫ్రాన్సు, ఇథియోపియా చక్రవర్తి మెనెలిక్ పంచుకొనిరి. 1960లో బ్రిటిషు, ఇటాలియను భాగములు కలిసి సోమాలియా యను స్వతంత్ర రాజ్యమయ్యెను. జిబౌటి, కెన్యా ఉత్తర ప్రాంతము, ఇథియోపియాలోని ఒగాడెన్ వెలుపల మిగిలిపోయెను. సోమాలియా పతాకముపైని నక్షత్రమునకు ఐదు కోణములుండుట ఈ ఐదు భాగములకు గుర్తుగనే. కావున కలహబీజము అగ్రరాజ్యములు రాకమునుపే నాటబడియుండెను. ఐరోపావారే నాటిరందుమా? మెనెలిక్ ఐరోపావాడు కాడు గదా!

ఇథియోపియాను ఏలిన హైలీ సెలాసీ చక్రవర్తికి అమెరికా ఆయుధములిచ్చెను. అస్మారా వద్ద కాగ్న్యూ అను వార్తాగ్రహణ కేంద్రము దానికి దక్కెను. 1969లో సైనిక తిరుగుబాటుతో సోమాలియాను చేజిక్కించుకొనిన సియాద్ బర్రెకు సోవియట్ దేశము ఆయుధములిచ్చెను. బెర్బెరా రేవున దానికి స్థావరము దక్కెను. 1974లో సెలాసీ పదభ్రష్టుడయ్యెను. 1977 ఫిబ్రవరిలో మెంగిస్టు హైలీ మరియం సహచరులను చంపించి సర్వాధికారి యయ్యెను. ఆ నెలలోనే అమెరికా మానవహక్కుల పేర తన సహాయమును తగ్గించగా, మెంగిస్టు ఏప్రిలులో కాగ్న్యూ కేంద్రమును మూయించి, మే నెలలో మాస్కోకు ప్రయాణమయ్యెను. జూలైలో సోమాలియా సైన్యము ఒగాడెన్‌లో ప్రవేశించెను. సెప్టెంబరులో జిజిగా పట్టణము దాని వశమయ్యెను.

ఇచ్చట పాఠకులు ఒక్క క్షణము నిలిచి చూడవలెను. సోమాలియా సైనికుని చేత సోవియట్ తుపాకి. ఇథియోపియా సైనికుని చేత అమెరికా తుపాకి. ఏడాది తిరుగకమునుపే సోవియట్ దేశము ఇథియోపియా పక్షము చేరెను. నవంబరులో బర్రె సోవియట్ సలహాదారులను వెడలగొట్టెను. పిమ్మట సుమారు వందకోట్ల డాలర్ల విలువగల సోవియట్ ఆయుధములు ఇథియోపియాకు చేరెను. పదివేలకు పైగా క్యూబా సైనికులు వచ్చిరి. సోవియట్ సేనాని పెట్రోవ్ యుద్ధమును నడిపించెను. తాము శిక్షణనిచ్చిన సైన్యమును ఓడించుటకు తామే వచ్చిరన్నమాట. ఆ శిష్యులు నేర్చిన విద్య యంతయు ఆ గురువులకు కంఠోపాఠము! 1978 మార్చిలో జిజిగా మరల ఇథియోపియా వశమయ్యెను. బర్రె తన సేనలను వెనుకకు పిలిపించెను. రెండేండ్లకు, 1980లో, అదే బెర్బెరా రేవును వాడుకొనుటకై అమెరికా అతనితో ఒడంబడిక చేసికొనెను. అమెరికా అధ్యక్షుని సలహాదారుగా నుండిన బ్రజెజిన్‌స్కీ, అగ్రరాజ్యముల నడుమ ఆయుధపరిమితి ఒప్పందము ఒగాడెన్ ఇసుకలో పూడిపోయినదని వాపోయెను. ఆ ఇసుకలో పూడిపోయిన మనుష్యుల ప్రసక్తి ఆ వాక్యములో లేదు.

సోవియట్ పక్షమున చెప్పదగిన న్యాయమొకటి కలదు, దానిని దాచరాదు. 1964లో కైరోలో సమావేశమైన ఆఫ్రికా ఐక్యతా సంస్థ, స్వాతంత్ర్యము వచ్చునాటికి ఉన్న సరిహద్దులను అందఱును మన్నింపవలెనని తీర్మానించెను. దాడి చేసినది సోమాలియా. దాడికి గుఱియైనవానికి తోడ్పడుట తప్పెట్లగును? సరియే. కాని దాడి చేసినవానికి ట్యాంకులు సమకూర్చిన చేయి యేది? ఇల్లు కాల్చువానికి కాగడా నిచ్చి, మంట లేచిన పిమ్మట నీళ్లకుండతో పరుగెత్తివచ్చినవాని కాగడాను మఱువవచ్చునా? తెలియక ఇచ్చితిననుటకును వీలులేదు. ఐదు కోణముల నక్షత్రము ఆ దేశపు జెండాపైననే యున్నది.

పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చినదని మన సామెత. అది ఇచ్చట పూర్తిగా అతుకదు. ఈ పిట్టలు పిల్లి ఇల్లు వెదకికొని తామే పోయినవి. బర్రె మొదట ఒక పిల్లిని, పిదప వేరొక పిల్లిని ఆశ్రయించెను. మెంగిస్టును అట్లే చేసెను. 1977 మార్చిలో క్యూబా నాయకుడు కాస్ట్రో ఏడెన్ నగరమున ఇరువురిని కూర్చుండబెట్టి, ఒక సమాఖ్యగా కలియుడని చెప్పిచూచెను. బర్రె వినలేదు. ఇట్టివారిని కీలుబొమ్మలనుట వారి దోషమును మాపుటయే యగును. పొడిచినవాని పాపము ఇచ్చినవానికి బదిలీ కాదు. ఇచ్చినవాని పాపమును పొడిచినవాడు మోయడు. అన్నదమ్ముల ఆస్తివలె పంచుకొన్నకొలది తగ్గునది కాదది.

అట్లయినచో విదేశశక్తి చేసిన ప్రత్యేకమైన అపరాధమేమి? కలహమును పుట్టించుటకంటె, కలహించువారిని అలసిపోనీయకుండుటయే దాని పెద్ద అపరాధమని నా అభిప్రాయము. రెండు పేదరాజ్యములు సొంత బలముతో పోరాడినచో కొన్నాళ్లకు తూటాలు నిండుకొనును, గ్రాసము నిండుకొనును. అలసట ఇరువురిని ఎదురెదురుగా కూర్చుండబెట్టును. మన పల్లెలలో గట్టు తగవులెన్నో వకీలుకు ఇచ్చుటకు డబ్బులేకనే రాజీ పడినవి. పట్టణమునుండి ఎవడో ధనవంతుడు వచ్చి, కోర్టు ఖర్చులు తాను భరించెదనన్నచో ఆ తగవు మనుమల కాలమునకును తెగదు.

మఱియొకటి కూడ కలదు. తన ప్రజల పన్నుతో, వారి సమ్మతితో సేనను పోషించు పాలకుడు ఆ ప్రజలకు ఎంతో కొంత జంకవలెను. సముద్రము దాటి వచ్చిన తుపాకి గలవానికి ఆ జంకు అక్కఱలేదు. 1988లో బర్రె విమానములు హర్గీసాపై బాంబులు కురిపించెను. అది శత్రువుల నగరము గాదు. సోమాలియాలోనే రెండవ పెద్ద నగరము. వానిలో కొన్ని ఆ ఊరి విమానాశ్రయమునుండియే లేచి, ఆ ఊరిపైననే బాంబులు వేసి, మరల అచ్చటనే దిగినవి. వేల సంఖ్యలో ప్రజలు మరణించిరి. లక్షలాదిమంది ఇథియోపియాకు పారిపోయిరి. పదేండ్ల క్రితము ఏ దేశముపై దండెత్తిరో ఆ దేశమునకే! సోమాలీలను విముక్తులను చేయుటకని తెచ్చిన సోవియట్ మిగ్ విమానములలో ఒకటి ఇప్పుడు ఆ నగరము నడుమ స్మారకముగా నిలుపబడియున్నది. ఇథియోపియాలో 1984–85 కఱవున లక్షలాది ప్రజలు చనిపోయిరి. 1984లోనే అడిస్ అబాబాలో విప్లవపు పదవ వార్షికోత్సవము వైభవముగా జరిగెను.

1991 జనవరిలో బర్రె మొగడిషు విడిచి పారిపోయెను. మే నెలలో మెంగిస్టు జింబాబ్వేకు పారిపోయెను. డిసెంబరునాటికి సోవియట్ యూనియనే లేకపోయెను. ఇచ్చినవాడును లేడు, పుచ్చుకొన్నవాడును లేడు. తుపాకులు మాత్రము సోమాలియాలో నిలిచిపోయి, వీధివీధికొక సేనాపతిని సృష్టించినవి.

బెర్బెరా రేవును 2017లో దుబాయికి చెందిన సంస్థ నిర్వహణకు తీసికొనెను. దానికి ఎంతో దూరము లేని జిబౌటిలో ఫ్రాన్సు, అమెరికా, జపాన్, చైనా దేశముల సైనిక స్థావరములు నేడు ఇరుగుపొరుగిండ్లవలె నున్నవి.