ఇచ్చిన యిల్లు ఎవరిది?

దానము చేయువానికి వస్తువును విడుచుట సులభము. దానిపై తన పెత్తనమును విడుచుట కష్టము. సత్రములు, వైద్యశాలలు కట్టించిన కుటుంబములలో ఈ కష్టము తరచుగా కానవచ్చును. ఇచ్చిన పిమ్మట దాతకు మిగులు హక్కెంత? ఇంగ్లాండులోని యొక పల్లెటూరి భవనపు చరిత్ర ఈ ప్రశ్నను చక్కగా విశదపరచును.

ఆ దేశపు దక్షిణభాగమున, హాంప్‌షైర్‌లో, లిస్ అను ఊరికి దాపున లె కోర్ట్ అను పెద్ద భవనముండెను. లెనార్డ్ చెషైర్ అను వైమానికుడు దానిని తన బంధువురాలి యొద్ద కొనెను. ఆయన రెండవ ప్రపంచయుద్ధమున బాంబుదళములకు నాయకుడై విక్టోరియా క్రాస్ పతకము నందినవాడు. 1945 ఆగస్టు 9న నాగసాకిపై అణుబాంబు పడుటను మరియొక విమానమునుండి కన్నులార చూచినవాడు. యుద్ధము ముగిసిన పిదప సైనికులు కలసి బ్రదుకుటకు ఆయన నెలకొల్పిన నివాసము నిలువలేదు. అప్పులు మాత్రము మిగిలినవి.

1948లో, లోగడ అచ్చట పనిచేసిన యొకడు క్యాన్సరుతో మరణావస్థలో నుండెను. అతనికి పోవుటకు చోటు లేదు. చెషైర్ అతనిని తన యింటికే తెచ్చి, వండిపెట్టి, పక్క సవరించి, తుదివరకు స్వయముగా పరిచర్య చేసెను. ఆ వార్త విని మరికొందరు వచ్చిరి. ముందు రోగి వచ్చెను. సంస్థయు నియమములును తరువాత వచ్చినవి. 1950ల నాటికి అట్టి గృహములు బొంబాయి వరకు వ్యాపించినవి.

పాల్ హంట్ అను యువకుడు 1956లో లె కోర్ట్‌లో చేరెను. కండరముల వ్యాధిచే అతడు చక్రముల కుర్చీకి పరిమితుడు. ఎప్పుడు పరుండవలెనో కూడ ఇతరులే నిర్ణయించుట తగదని అతడును సహవాసులును వాదించిరి; గృహనిర్వహణమున తమకును మాట యుండవలెనని కోరిరి. 1966లో అతడు కూర్చిన 'స్టిగ్మా' అను సంపుటమున వ్యాసములు వ్రాసినవారు వికలాంగులే.

నిర్వాహకుల పక్షమునను న్యాయము లేకపోలేదు. పరిచారకులు కొద్దిమంది, వేళలు పాటింపకున్న పని సాగదు. ధనమిచ్చినవారికి లెక్క చెప్పుటయు ధర్మమే. కాని ధనమునకు లెక్క వేరు, మనుష్యుని దినచర్యకు లెక్క వేరు. మొదటి దానిని అడుగుట బాధ్యత. రెండవ దానిని అడుగుట అధికారము.

అమ్మిన బట్టను కొన్నవాడు ఎట్లు కట్టుకొనునో వర్తకుడు వాని యింటికి పోయి చూడడు. వెల పుచ్చుకొన్నచోట చూపు మర్యాదను ఊరక యిచ్చినచోట చూపకుండుట యేమి న్యాయము? కృతజ్ఞత నోరు మూయించినచో, పుచ్చుకొన్నవాడు ఆ దానమునకు వెల చెల్లించినట్లే. ఆ వెల వాని స్వాతంత్ర్యము.

చెషైర్ 1992లో గతించెను. లె కోర్ట్ గృహము 2007లో మూతపడెను. గోడలకన్న అచ్చట పుట్టిన ప్రశ్నకే ఆయుర్దాయము హెచ్చు. తాతగారి తోటబంగళాను వృద్ధులకో రోగులకో వ్రాసియిచ్చు కుటుంబము దస్తావేజులో దాత పేరును, ధర్మకర్తల పేర్లను తప్పక చేర్చును. అందులో నివసింపబోవువారి మాటకును ఒక పంక్తి కేటాయించినప్పుడే ఆ యిల్లు నిజముగా చేతులు మారినట్లు.