వద్దనుకున్న సరుకు, తిరిగి అడిగే సొమ్ము

ఇంజనీరింగ్ చదువుతున్న ఒక యువకుడు ఆ మధ్య మమ్మల్ని కలుసుకున్నాడు. అతని తండ్రి ఏళ్ళ తరబడి కూడబెట్టిన సొమ్ముతో ఒక ల్యాప్‌టాప్ కొనిచ్చారు. కంప్యూటరును నడిపించే మూల సాఫ్ట్‌వేర్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్, అందులో ముందే ఎక్కించి ఉంది. దాని వెల కూడా బిల్లులోనే కలిసిపోయింది. కానీ అతనికి కావలసింది ఉచితంగా దొరికే లినక్స్. కళాశాలలో నేర్చుకుంటున్నదీ దాని మీదే. అందుకని, తాను అడగని సాఫ్ట్‌వేర్ వెల తిరిగి ఇమ్మని తయారీ సంస్థకు రాశాడు. సంస్థ ఒక ఫారం పంపింది. ఈ సాఫ్ట్‌వేర్‌ను తాను ఒక్కసారి కూడా వాడలేదని కొనుగోలుదారుడు ధృవీకరించి సంతకం చేయాలని అందులో ఉంది.

చిక్కు అక్కడే వచ్చింది. కొన్న రోజునే తెర మీద కనిపించిన 'అంగీకరిస్తున్నాను' అనే మీటను అతను నొక్కేశాడు. ఇరవై రోజులు ఆ సాఫ్ట్‌వేర్‌నే వాడాడు. అక్క నికాహ్ ఫోటోలు సర్దింది కూడా దానితోనే. ఆ తర్వాతే దాన్ని తుడిచేసి లినక్స్ ఎక్కించాడు. "వాడలేదని సంతకం చేసెయ్యి, వచ్చి చూసేదెవరు?" అన్నారు స్నేహితులు. "అడగని సరుకు అంటగట్టింది వాళ్ళే కదా! ఆ సొమ్ము నాది కాదా?" అని అతను మమ్మల్ని అడిగాడు.

చూడటానికి ఇది కొన్ని వేల రూపాయల వ్యవహారం. కానీ ఇందులో మూడు ప్రశ్నలు ఉన్నాయి. మన హక్కును అడగడం తప్పా? చదవకుండా నొక్కిన అంగీకారం అంగీకారమేనా? ఎదుటివాడు అన్యాయం చేశాడనుకున్నప్పుడు అబద్ధంతో మన సొమ్ము రాబట్టుకోవచ్చా?

హక్కు అడగడం పిసినారితనం కాదు

మన ఇళ్ళలో ఒక అలవాటు ఉంది. దుకాణంలో నష్టపోతే, "పోనీలే, అల్లాహ్ చూసుకుంటాడు" అని ఊరుకుంటాం. క్షమించడం గొప్ప గుణమే. అయితే బద్ధకానికీ, భయానికీ క్షమ అని పేరు పెట్టుకోకూడదు.

ఒక వ్యక్తి తనకు రావలసిన అప్పు కోసం దైవప్రవక్త (సల్లం) వద్దకు వచ్చి పరుషంగా మాట్లాడాడు. సహాబాలు అతణ్ణి వారించబోయారు. అప్పుడు ఆయన (సల్లం) అతణ్ణి వదిలేయమన్నారు, హక్కుదారునికి మాట్లాడే అధికారం ఉందని చెప్పారు. పైగా అతను ఇచ్చిన ఒంటె కంటే మేలైన ఒంటెను అతనికి ఇప్పించారు (బుఖారీ). హక్కు అడిగేవాణ్ణి అల్పుడిగా చూడకూడదని ఈ సంఘటన మనకు నేర్పుతోంది. అదే సమయంలో అమ్మేటప్పుడూ, కొనేటప్పుడూ, తన బాకీ అడిగేటప్పుడూ మృదువుగా ఉండేవాణ్ణి అల్లాహ్ కరుణించాలని ఆయన (సల్లం) దుఆ చేశారు (బుఖారీ). అంటే అడగాలి, కానీ మర్యాదగా అడగాలి.

సాఫ్ట్‌వేర్ వెల తిరిగి అడగడం కొత్త సంగతేమీ కాదు. ఒప్పుకోకపోతే వాడవద్దని, వాడని సరుకు సొమ్ము కోసం తయారీదారును సంప్రదించవచ్చని విండోస్ ఒప్పంద పత్రంలోనే ఒకప్పుడు రాసి ఉండేది. ఆ మాటను పట్టుకుని 1999 ఫిబ్రవరి 15న అమెరికాలోని కాలిఫోర్నియాలో లినక్స్ వాడేవారు కొందరు మైక్రోసాఫ్ట్ కార్యాలయానికి వెళ్ళి తమ సొమ్ము అడిగారు. కంప్యూటర్ తయారుచేసినవారినే అడగమని సమాధానం వచ్చింది. తయారీదారులేమో చాలాసార్లు ఇది తమ చేతిలో లేదన్నారు. ఇద్దరి మధ్య కొనుగోలుదారుడు నలిగిపోయాడు.

ఇటలీ సర్వోన్నత న్యాయస్థానం 2014 సెప్టెంబరులో, వద్దనుకున్న ఆపరేటింగ్ సిస్టమ్ వెలను తిరిగి పొందే హక్కు కొనుగోలుదారునికి ఉందని తీర్పు చెప్పింది. అదే దేశంలోని మోంజా పట్టణంలో ఒక కొనుగోలుదారుడు 42 యూరోల కోసం పట్టుపట్టాడు. సంస్థ అతణ్ణి కోర్టుల చుట్టూ తిప్పింది. చివరికి 2020 డిసెంబరులో న్యాయస్థానం ఆ ధోరణిని తప్పుపట్టి, అతనికి 20,000 యూరోలు నష్టపరిహారం ఇమ్మని సంస్థను ఆదేశించింది. అందులో 15,000 యూరోలను అతను స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం పనిచేసే సంస్థకు విరాళంగా ఇచ్చేశాడు. 42 యూరోలు అడిగినవాడు డబ్బుకు కక్కుర్తిపడి అడగలేదని దీన్నిబట్టి తెలుస్తోంది.

నాణేనికి రెండో వైపు

న్యాయం చెప్పేవారు రెండు పక్షాల మాటా వినాలి. 2008లో ఫ్రాన్స్‌లో ల్యాప్‌టాప్ కొన్న ఒక వ్యక్తి లైసెన్సును నిరాకరించి, సాఫ్ట్‌వేర్ కింద 450 యూరోలు అడిగాడు. సంస్థ మాత్రం ల్యాప్‌టాప్ తిరిగి ఇచ్చేస్తే మొత్తం వెల 549 యూరోలు ఇస్తామంది. వివాదం యూరప్ న్యాయస్థానం దాకా వెళ్ళింది. సాఫ్ట్‌వేర్‌తో కలిపి కంప్యూటర్ అమ్మినంత మాత్రాన అది అన్యాయమైన వ్యాపారం కాబోదని ఆ న్యాయస్థానం 2016 సెప్టెంబరు 7న చెప్పింది. కొనేముందు ఆ సంగతి కొనుగోలుదారునికి తెలియజేశారా లేదా అన్నది అందులో ముఖ్యమైన విషయం.

మన ఫిఖహ్‌లోనూ ఇలాంటి చర్చ ఉంది. ఇల్లు అమ్మితే దాని తాళాల చెవులు విడిగా పేర్కొనకపోయినా అమ్మకంలో చేరిపోతాయని హనఫీ గ్రంథాలు చెబుతాయి. ఇంట్లో ఉన్న సామాను మాత్రం చేరదు. మరి ఆపరేటింగ్ సిస్టమ్ తాళంచెవి లాంటిదా, సామాను లాంటిదా? అది లేకుండా కంప్యూటర్ నడవదు కాబట్టి తాళంచెవి అని ఒకరనవచ్చు. వేరే ఆపరేటింగ్ సిస్టమ్‌తోనూ నడుస్తుంది కాబట్టి సామాను అని మరొకరనవచ్చు. మాకు తోచేదేమిటంటే, అమ్మేవాడే దానికి వేరే ఒప్పందం రాసి, వేరే అంగీకారం అడుగుతున్నప్పుడు దాన్ని వేరే సరుకుగా ఒప్పుకున్నట్టే. పరస్పర అంగీకారంతో జరిగే వ్యాపారాన్నే దివ్య ఖుర్ఆన్ ధర్మసమ్మతం చేసింది (అన్నిసా: 29). ఒప్పుకుంటావా అని అడిగేవాడు 'ఒప్పుకోను' అనే జవాబుకూ చోటు ఉంచాలి. లేకపోతే ఆ అడగడానికి అర్థమే లేదు.

నొక్కిన మీట కూడా మాటే

ఇక ఆ 'అంగీకరిస్తున్నాను' సంగతి. పేజీల కొద్దీ ఉన్న ఆ షరతులను ఎవరూ చదవరు. మేమూ చదవకుండా నొక్కినవారమే, దాచడమెందుకు? కానీ మనం చదవలేదన్న కారణంగా మాట మాట కాకుండా పోతుందా? నికాహ్‌నామా మీద చదవకుండా సంతకం చేసినవాడు తర్వాత మహర్ ఎంతో నాకు తెలియదంటే మనం ఒప్పుకుంటామా?

ఒప్పందాలను నెరవేర్చమని అల్లాహ్ విశ్వాసులను ఆదేశించాడు (అల్ మాయిదా: 1). వాగ్దానాల గురించి ప్రశ్నించడం జరుగుతుందని హెచ్చరించాడు (బనీ ఇస్రాయీల్: 34). షరతు అధర్మమైనదైతే అది చెల్లదు, అది వేరే మాట. కానీ ధర్మమైన షరతుకు తలూపి, అవసరం తీరాక "నేను తలూపలేదు" అనడం విశ్వాసికి తగదు.

ఇక్కడ ఒక హదీసు మనకు చక్కని దారి చూపుతుంది. పూర్వం కొందరు పశువును అమ్మేముందు కొన్నాళ్ళు పాలు పితక్కుండా పొదుగు నిండుగా కనబడేలా చేసేవారు. అలా మోసపోయి కొన్నవానికి ఆ పశువును ఉంచుకునే, లేదా తిరిగి ఇచ్చేసే స్వేచ్ఛ ఉందని దైవప్రవక్త (సల్లం) తెలియజేశారు. అయితే తిరిగి ఇస్తే దానితోపాటు ఒక సా ఖర్జూరాలు కూడా ఇమ్మన్నారు (బుఖారీ, ముస్లిం). దీని ఫిఖహ్ వివరాల్లో ఇమాముల మధ్య భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. కానీ ఇందులోని నీతి ఎవరికైనా అర్థమవుతుంది. మోసం చేసింది అమ్మినవాడే. అయినా పాలు తాగినవాడు ఆ పాల సంగతి మరచిపోకూడదు. మన యువకుడు ఇరవై రోజులు 'పాలు' తాగాడు. తాగలేదని సంతకం చేయడం ఎలా కుదురుతుంది?

అన్యాయానికి జవాబు అబద్ధమా?

"హింద్ (రజి) తన భర్త సొమ్ములోంచి ఆయనకు తెలియకుండానే తీసుకోవడానికి అనుమతి లభించింది కదా!" అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, ఆ హదీసు బుఖారీలో ఉంది. కానీ రెండు తేడాలు గమనించండి. భార్యాబిడ్డల పోషణ భర్త మీద విధి అనే విషయంలో అక్కడ వివాదమే లేదు. ఇక్కడ ఆ హక్కు మిగిలి ఉందా అన్నదే సందేహం. రెండోది, ఆమెకు న్యాయమైన మేరకు తీసుకోవడానికి అనుమతి దొరికింది గాని, అబద్ధపు సాక్ష్యం ఇవ్వడానికి దొరకలేదు.

నిన్ను నమ్మినవాని అమానతును తిరిగి అప్పగించాలనీ, నీకు ద్రోహం చేసినవానికి సైతం ద్రోహం చేయకూడదనీ దైవప్రవక్త (సల్లం) ఉపదేశించారు (అబూ దావూద్, తిర్మిజీ). ఒక జాతి మీది ద్వేషం మిమ్మల్ని న్యాయం నుంచి తప్పించకూడదని ఖుర్ఆన్ హెచ్చరించింది (అల్ మాయిదా: 8). వాళ్ళు పెద్ద సంస్థలు, విదేశీయులు, ముస్లిమేతరులు అన్న సాకులేవీ ఈ ఆజ్ఞల ముందు నిలవవు.

మరో చేదు నిజం కూడా చెప్పుకోవాలి. అక్కర్లేని సాఫ్ట్‌వేర్‌కు డబ్బు తిరిగి అడిగేవారు మనలో వేళ్ళ మీద లెక్కించదగినంత మందే. కావలసిన సాఫ్ట్‌వేర్‌ను డబ్బు చెల్లించకుండా దొంగకాపీగా ఎక్కించుకునేవారు మాత్రం వీధికొకరు దొరుకుతారు. కొలిచి తీసుకునేటప్పుడు పూర్తిగా తీసుకుని, ఇచ్చేటప్పుడు తగ్గించేవారికి వినాశం తప్పదని అల్ ముతఫ్ఫిఫీన్ సూరా ప్రారంభంలోనే ఉంది. రచనలు, ఆవిష్కరణల మీద వాటి యజమానులకు ఉండే హక్కుల విషయంలో పూర్వం ఉలమాల మధ్య భిన్నాభిప్రాయాలు ఉండేవి. 1988 డిసెంబరులో కువైట్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ, ఇవి షరీఅతు దృష్టిలో రక్షణ గల హక్కులనీ, వాటిని కాజేయడం ధర్మసమ్మతం కాదనీ తీర్మానించింది. డబ్బు పెట్టలేనివారికి ఉబుంటు, లిబ్రె ఆఫీస్ లాంటివి ఉచితంగా, ధర్మబద్ధంగా దొరుకుతున్నాయి. హలాల్ దారి తెరిచి ఉండగా హరామ్ దారి ఎందుకు?

దుకాణదారులకు ఒక మాట

కంప్యూటర్ల దుకాణాలు నడిపే సోదరులు మనలో చాలామంది ఉన్నారు. ధాన్యపు రాశిలో చెయ్యి పెట్టి, లోపలి తడిని బయటకు తీసి, మోసగించేవాడు తన వాడు కాడని దైవప్రవక్త (సల్లం) ప్రకటించారు (ముస్లిం). కనబడని దాన్ని కనబడేలా పెట్టడమే వ్యాపారి ధర్మం. వెల చెప్పేటప్పుడే ఇందులో ఏయే సాఫ్ట్‌వేర్ ఉంది, ఏది శాశ్వతం, ఏది కొన్నాళ్ళ తర్వాత డబ్బు అడుగుతుంది, ఇదే రకంలో ఆపరేటింగ్ సిస్టమ్ లేకుండా దొరుకుతుందా అన్నది చెప్పండి. కొన్నవాడు పశ్చాత్తాపపడి వస్తే సరుకు వెనక్కి తీసుకోవడాన్ని ఫిఖహ్‌లో 'ఇఖాలా' అంటారు. అలా తీసుకున్నవాని పొరపాట్లను అల్లాహ్ క్షమిస్తాడన్న శుభవార్త హదీసులో ఉంది (అబూ దావూద్, ఇబ్నె మాజా). వెనక్కి తీసుకున్న ఒక సరుకుకు ప్రతిఫలంగా అల్లాహ్ క్షమాపణ! ఇంతకు మించిన లాభసాటి బేరం ఏముంటుంది?

కొనేవారు ఏం చేయాలి?

కొనడానికి ముందే అడగండి. మన మార్కెట్లో ఫ్రీడాస్‌తోనో, ఉబుంటుతోనో వచ్చే రకాలు కూడా కొన్ని ఉంటాయి. తప్పనిసరిగా సాఫ్ట్‌వేర్‌తోనే కొనవలసివస్తే, మొదటిసారి తెరిచినప్పుడు 'అంగీకరిస్తున్నాను' నొక్కకండి. ఆ తెరను ఫోటో తీసి, బిల్లు జతపరిచి, వెంటనే తయారీదారుకు రాయండి. కొందరు సాఫ్ట్‌వేర్ వెల ఇస్తారు, కొందరు మొత్తం కంప్యూటరునే తిరిగి ఇమ్మంటారు. ఒక సరుకు కావాలంటే మరొకటి కూడా కొని తీరాలనడం మన దేశపు 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో 'నిర్బంధ వ్యాపార పద్ధతి' నిర్వచనం కిందికి వస్తుంది. మీ వ్యవహారం దాని కిందికి వస్తుందో రాదో తేల్చేది వినియోగదారుల కమిషన్. సలహాకు, ఫిర్యాదుకు 1915 అనే జాతీయ హెల్ప్‌లైన్ ఉంది. ఇవన్నీ ధర్మబద్ధమైన మార్గాలే.

ఆ యువకునికి మేము చెప్పింది ఇది: "ఉన్నది ఉన్నట్టు రాయి. ఇరవై రోజులు వాడానని చెప్పు. హక్కుగా కాక, ఇఖాలాగా అడుగు. ఇస్తే వారి ఉదారత, ఇవ్వకపోతే నీ మాట నీకు మిగిలింది." అతను కాసేపు మౌనంగా ఉండి, "అబ్బాకు ఏం చెప్పను?" అన్నాడు. "ఇదే చెప్పు" అన్నాము.

అలాగే రాశాడు. కొన్నాళ్ళకు జవాబు వచ్చింది. వాడిన సాఫ్ట్‌వేర్‌కు సొమ్ము తిరిగి ఇవ్వడం కుదరదన్నారు. ఆ జవాబు చూసి తండ్రి, "డబ్బు మళ్ళీ సంపాదించుకుంటాంలే" అన్నారట. సొమ్ము రాలేదు. కానీ ఆ ఇంట్లోకి ఒక అబద్ధం కూడా రాలేదు. అమ్మేవాడూ కొనేవాడూ సత్యం పలికి, ఉన్న విషయం స్పష్టం చేస్తే వారి వ్యాపారంలో శుభం కలుగుతుందని, దాచి అబద్ధమాడితే ఆ శుభం చెరిగిపోతుందని హకీమ్ బిన్ హిజామ్ (రజి) ఉల్లేఖించిన హదీసు తెలియజేస్తోంది (బుఖారీ, ముస్లిం). ఆ శుభానికి బిల్లు మీద వెల ఉండదు.

అల్లాహ్ మన హక్కులను ధైర్యంగా, మృదువుగా అడిగే నేర్పునూ, ఇతరుల హక్కులను అడగకముందే చెల్లించే సద్బుద్ధినీ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.