ఐక్యత యెవరి కొరకు?

1925వ సంవత్సరమున రంగూనులో ఒక నిఘంటువు అచ్చయ్యెను. అది కార్ నికోబారు ద్వీపవాసుల భాషకు కూర్చబడినది. కూర్చినవాడు జార్జి వైట్‌హెడ్ అను ఆంగ్లికన్ మిషనరీ. అచ్చువేసినది అమెరికన్ బాప్టిస్టు మిషన్ వారి అచ్చుకూటము. బాప్తిస్మమును గూర్చి ఆ రెండు సంఘముల నడుమ గల భేదము చిన్నది కాదు. శిశువులకు ఈయవచ్చునా, విశ్వసించినవారికే ఈయవలెనా అను తర్కము అప్పటికే శతాబ్దముల నాటిది. అయినను ఒక చిన్న ద్వీపపు ప్రజల మాటలు గ్రంథరూపము దాల్చుటకు ఆ భేదము అడ్డు రాలేదు.

ఇచ్చట ఒక ప్రశ్న ఉదయించును. సంఘములు కలిసి పనిచేయవలెనన్న మొదట సిద్ధాంతములన్నిట ఏకీభవింపవలెనా? అట్లనువారి భయము నిరాధారము కాదు. సత్యమును విడిచి సాధించినది సౌకర్యమే గాని ఐక్యత కాదు. కాని సమస్తము తేలువరకు చేతులు ముడుచుకొని కూర్చున్నచో, ఆ ఆలస్యమునకు వెల చెల్లించువారు తర్కించువారు కారు. వాక్యము కొరకు ఎదురుచూచువారే.

కార్ నికోబారులో బడి నడిపి సువార్త చెప్పినవాడు వేదప్పన్ సాలొమోను అను తమిళ ఉపదేశి. ఆయన యొద్ద పెరిగిన ద్వీప బాలుడు జాన్ రిచర్డ్‌సన్ బర్మాలోని మాండలేలో చదివి తన జనుల యొద్దకు తిరిగి వచ్చెను. 1942 మొదలు 1945 వరకు జపాను సైన్యము ఆ ద్వీపములను ఆక్రమించినప్పుడు ఆయన ప్రజలలో అనేకులు హతులైరి. ఆయన బ్రదికి, 1950లో బిషప్పుగా అభిషేకింపబడెను; క్రొత్త నిబంధనను తన మాతృభాషలోనికి తెచ్చినవాడు ఆయనే. విత్తినవాడు తమిళుడు, చదువు చెప్పినది బర్మా, నిఘంటువు అచ్చొత్తినది బాప్టిస్టులు; ఫలము నికోబారీయులది. ఆ గ్రంథమును సాలొమోను కన్నులార చూడలేదు.

నికోబారీయుల తుహెత్ అను ఉమ్మడి కుటుంబములో కొబ్బరితోట ఒక్కనిది కాదు. చెట్టు నాటిన తాత పేరు కాయ మీద వ్రాసియుండదు. క్రీస్తు సేవయు అట్టిదే. కూడి చేసిన పని వలన ఎవరి పేరు పెరిగెనని గాక, అల్పులైనవారికి ఏమి దక్కెనని అడుగవలెను. పెద్ద సంఘము పేరు మాత్రమే పెరిగినచో అది విస్తరణము. చిన్న జనము తన నోటి మాటతో దేవుని స్తుతించినచో అది ఐక్యత.

1970 నవంబరు 29న నాగపూరులో ఆరు సంఘములు కలిసి ఉత్తర హిందూదేశ సంఘమైనప్పుడు, బాప్తిస్మమును గూర్చిన రెండు ఆచారములకును అందులో చోటు దొరికెను. అండమాను నికోబారు అధ్యక్షఖండము ఆ సంఘములోనిదే. అక్కడ మనస్సాక్షిని అణచలేదు. భేదమును గోడగా నిలువనీయలేదు.

తెలుగు నేలపై 1947లో దక్షిణ హిందూదేశ సంఘము ఏర్పడినను, లూథరనులును బాప్టిస్టులును వేరుగానే నిలిచిరి. అయినను వారందరి బల్లపైనున్నది ఒకే తెలుగు బైబిలు. కడలి దాటి పోర్టుబ్లెయిరులో స్థిరపడిన తెలుగు విశ్వాసికి పొరుగువాడు నికోబారీయుడో, రాంచీ నుండి వచ్చిన ఉరావుడో కావచ్చును. ఆ పొరుగువాని రోగము, ఆకలి, ప్రార్థన ఏ సంఘమునకు చెందినవి? ప్రభువు శిష్యులు ఏకమై యుండవలెనని ప్రార్థించినది లోకము నమ్ముట కొరకే. కనుక ఐక్యత సంఘము తన కొరకు కూడబెట్టుకొను ధనము కాదు. పరుల కొరకు వెచ్చింపవలసిన అప్పు.