సైకిలెక్కలేనంత చలి ఏది?

చలి ఎంత ఉంటే సైకిలు తొక్కకూడదు? ప్రశ్న చిన్నదే. జవాబు ఎవరు చెప్పాలన్న దగ్గరే చిక్కంతా.

కపిలేశ్వరపురంలో గోదావరి గట్టు మీద జనవరి మంచుకే వణుకుతాం. అదే నెలలో, దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున్న లంబసింగిలో కొన్ని రాత్రులు చలి సున్నా డిగ్రీల దగ్గరకు దిగుతుంది. మన్యం పిల్లలకు చలి అలవాటేనని మైదానంలో తేలిగ్గా అనేస్తారు. అలవాటు ఒంటిని కప్పదు.

సైకిలు తన గాలిని తానే పుట్టిస్తుంది. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో పోతే, ఆకు కదలని రోజున కూడా అంత గాలీ ముఖానికి కొడుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు తొక్కుడుకు ఒళ్లు వేడెక్కుతుంది. ఘాట్ దిగేటప్పుడు కాళ్లకు పని ఉండదు, గాలి మాత్రం పెరుగుతుంది. వేళ్లు మొద్దుబారతాయి. ఆ వేళ్లు బ్రేకు పట్టలేకపోతే అదే హద్దు. థర్మామీటరు ఎంత చూపినా దిగి నడవాల్సిందే.

ఆ సంగతి తొక్కేవాళ్లకే తెలుస్తుంది. కాబట్టి చెప్పే హక్కూ వాళ్లదే. కానీ ఆలస్యమైతే గుమ్మం బయట నిలబెడతారని భయపడే పిల్లకు ఆ హక్కు ఉన్నట్టా? బడికొస్తా పథకంలో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు ప్రభుత్వం సైకిళ్లిచ్చింది. దిగి నడిచొచ్చిన పిల్లను లోపలికి పిలవడం మన ఉపాధ్యాయుల వంతు.

సాకులు చెప్పేవాళ్లుండరా? ఉంటారు. సాకును నమ్మితే ఒక పీరియడ్ పోతుంది. నిజాన్ని నమ్మకపోతే ఘాట్ మలుపులో ఒక ప్రాణం పోవచ్చు.